మనల్ని ఎవరనుకుంటారు?

చెన్నై వెళ్తే "మీది ఆంధ్రానా?" అని అడుగుతారు. తిరుపతి వెళ్తే మన యాస విని "అరవవాళ్లా?" అంటారు. ఎందుకిలా? జవాబు చరిత్రలో ఉంది.

1792లో టిప్పు సుల్తాన్ ఓడిపోయాక కృష్ణగిరి ఉన్న బారామహల్ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 1799లో టిప్పు చనిపోయాక హోసూరు కూడా పోయింది. రెండూ సేలం జిల్లాలో చేరాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడినా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాం. 1965లో ధర్మపురి, 2004లో కృష్ణగిరి మన జిల్లా అయింది.

జిల్లా పేరు మారింది గానీ మన ఊరు కదల్లేదు, ఇంట్లో మాటా మారలేదు. బడిలో తమిళం కూడా నేర్చుకుంటున్నాం. కాబట్టి ఎవరైనా అడిగితే తడబడకుండా చెబుదాం: "మాది హోసూరు. మేం తెలుగువాళ్లం, తమిళనాడువాళ్లం కూడా."