రబ్బరు రాని రోజులు

1941వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు పెర్ల్ హార్బరుపై దాడి చేసినవి. అచట మునిగిన ఓడలను లోకమంతయు చూచినది. కాని అమెరికా కర్మాగారములకు రానున్న ముప్పు అక్కడ లేదు. వేల మైళ్ల దూరమున, మలయా, జావా, సుమత్రాలలోని రబ్బరు తోటలలో ఉన్నది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినది. మార్చి ముగియునప్పటికి ఆ తోటలు జపాను వశమైనవి. అమెరికాకు వచ్చు రబ్బరులో సుమారు 90 శాతము నిలిచిపోయినది.

రబ్బరు లేనిదే లారీ కదలదు; విమానము నేలపై దిగదు. ఒక్క పెద్ద యుద్ధనౌకకే సుమారు 75 టన్నుల రబ్బరు కావలెను. క్రొత్త తోటలు వేయుదమన్నను, నాటిన చెట్టు పాలిచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును.

ముందుగా ఉన్న రబ్బరును కాపాడుకొనవలసి వచ్చినది. డిసెంబరు 11వ తేదీననే క్రొత్త టైర్ల అమ్మకము నిలిపివేయబడినది. 1942 చివరికి కార్ల వేగము గంటకు 35 మైళ్లకు పరిమితమైనది. దేశమంతట పెట్రోలుకు రేషను వచ్చినది. పెట్రోలు ఉన్న రాష్ట్రములలో కూడ ఈ రేషను పెట్టుటకు కారణము టైర్లు అరుగుటను తగ్గించుటయే.

ఇక మిగిలిన మార్గము కృత్రిమ రబ్బరు. బ్యూటాడైన్, స్టైరీన్ అను రెండు రసాయనములను కలిపి రబ్బరు చేయు పద్ధతిని జర్మనీ శాస్త్రజ్ఞులు అంతకుముందే కనుగొనిరి. కాని 1941లో అమెరికాలో తయారైన ఈ రకపు రబ్బరు 231 టన్నులు మాత్రమే. పేటెంట్లు, అనుభవము పోటీ కంపెనీల చేతులలో చీలియున్నవి. 1941 డిసెంబరు 19న నాలుగు పెద్ద టైర్ల కంపెనీలు, ఒక చమురు కంపెనీ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, తమకు తెలిసినది పరస్పరము తెలుపుకొనుటకు అంగీకరించినవి. అందరును ఒకే పాళ్లు పాటించిరి: బ్యూటాడైన్ 75 వంతులు, స్టైరీన్ 25 వంతులు. ఈ రెంటిని సబ్బునీటిలో సుమారు 50 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కలియబెట్టగా చెట్టుపాల వంటి ద్రవము వచ్చును. దానిని ఉప్పుతో, ఆమ్లముతో విరిచిన రబ్బరు ముద్ద తేలును. 1942 ఏప్రిల్ 26న ఫైర్‌స్టోన్ తొలి దిమ్మెను తీసినది. నవంబరులోగా మిగిలిన మూడు కంపెనీలును తీసినవి. సూత్రము ఒకటే గనుక ఒక ఫ్యాక్టరీ రబ్బరును మరియొక ఫ్యాక్టరీ తడుముకొనకుండ వాడుకొనగలిగినది.

బ్యూటాడైన్ విషయమున మాత్రము ఒకే దారిని నమ్ముకొనలేదు. చమురు నుండి దానిని తీయుటకు కావలసిన వాయువులే విమానముల మేలురకపు పెట్రోలుకును కావలెను. అందుచేత ధాన్యము నుండి వచ్చు ఆల్కహాలుతోను తయారుచేసిరి. చమురు ఫ్యాక్టరీలు ఆలస్యమైనను, 1943, 1944లలో అధికభాగము ఆల్కహాలు నుండియే వచ్చినది. 1945లో అమెరికా కృత్రిమ రబ్బరు ఉత్పత్తి ఎనిమిది లక్షల టన్నులకు మించినది.

అయినను కృత్రిమ రబ్బరు అన్ని పనులకు చాలలేదు. బరువైన లారీల టైర్లలో అది త్వరగా వేడెక్కును. అట్టి చోట్ల వాడుటకు దాచిన చెట్టు రబ్బరు పనికివచ్చినది. వేగమును తగ్గించి, టైర్లను పొదుపు చేసిన సామాన్య ప్రజలే ఆ నిలువను నిలిపిరి.

ప్రభుత్వము కట్టించిన ఫ్యాక్టరీలలో అధికభాగము 1955లో ప్రైవేటు కంపెనీలకు అమ్మబడినది. నేడు విమానపు టైర్లలో ముఖ్యముగా వాడునది చెట్టు రబ్బరే. ఆ రబ్బరులో అధికభాగము ఇప్పటికిని ఆగ్నేయాసియా తోటల నుండియే వచ్చుచున్నది.