వాన గీత, రైలు గీత

అమెరికా నడిమధ్యనున్న కాన్సస్ రాష్ట్రం పటం తీసి చూడండి. వాయవ్య మూల కౌంటీలన్నీ ఇంచుమించు ఒకే కొలత గడులు. ఏ వాగునీ, ఏ మిట్టనీ ఆ సరిహద్దులు పట్టించుకోవు. మనుషులు వచ్చి, ఊళ్లు పెరిగి, వాటిని బట్టి ఏర్పడ్డ ఎల్లలు కావవి. ముందు గీతలు పడ్డాయి, మనుషులు తర్వాత వచ్చారు. ఆ గడుల్లో ఒకటి గ్రాహం కౌంటీ. అటు 30 మైళ్లు, ఇటు 30 మైళ్లు, విస్తీర్ణం దాదాపు 900 చదరపు మైళ్లు. కాన్సస్ శాసనసభ 1867లో దీనికి పేరు పెట్టింది. పాలన మొదలైంది మాత్రం 1880లో. మధ్యలో 13 ఏళ్లు అది కాగితం మీది కౌంటీయే.

ఆ పేరు కెప్టెన్ జాన్ ఎల్. గ్రాహంది. అంతర్యుద్ధంలో కాన్సస్ పదాతిదళం తరఫున పోరాడి, 1863 సెప్టెంబరులో చికమాగా యుద్ధంలో చనిపోయాడు. కౌంటీకి ఆయన పేరు పెట్టిన పదేళ్లకు, అదే యుద్ధం వల్ల బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు ఇక్కడికి వచ్చి దిగాయి. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు. కానీ గ్రాహం కౌంటీ కథ చెప్పబోయే ఎవరైనా అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

అంతకుముందు ఇది ఖాళీ నేల అనుకోవడం తప్పు. షయన్, ఆరాపహో, పానీ జాతుల వాళ్లు అడవిదున్నల వెంట తిరిగిన మైదానం ఇది. కౌంటీలోని పెనోకీ దగ్గర ఒక గుట్ట మీద చిన్న చిన్న రాళ్లు పేర్చి గీసిన మనిషి ఆకారం ఇప్పటికీ ఉంది. సాలమన్ నది దక్షిణ పాయ వెంబడి 1857 జులైలో కర్నల్ ఎడ్విన్ సమ్నర్ అశ్వికదళం షయన్ యోధుల మీదికి కత్తులు దూసి దూకింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో దున్నలు పోయాయి, వాటి మీద బతికిన జాతులను రిజర్వేషన్లకు తరిమేశారు. నేల మీద ఎముకలు మిగిలాయి. ఆ ఎముకల మాట మళ్లీ వస్తుంది.

సాలమన్ దక్షిణ పాయ కౌంటీని పడమటి నుంచి తూర్పుకు కోసుకుంటూ పోతుంది. దాని ఒడ్డున, దాంట్లో కలిసే వాగుల పక్కన తప్ప చెట్టు కనిపించదు. మిగిలిందంతా పొట్టిగడ్డి మైదానం, ఎడతెగని గాలి. కౌంటీ పడమటి భాగం మీదుగా నూరో రేఖాంశం వెళుతుంది. పడమటి ప్రాంతాల నదుల్ని, నేలల్ని పరిశీలించిన జాన్ వెస్లీ పావెల్ 1878లో ప్రభుత్వానికిచ్చిన నివేదికలో, ఇంచుమించు ఈ రేఖ దాటితే ఏడాదికి 20 అంగుళాల వాన దొరకదని, తూర్పు పద్ధతి సేద్యం అక్కడ సాగదని హెచ్చరించాడు. గ్రాహం కౌంటీ సరిగ్గా ఆ అంచున ఉంది. సగటు వర్షపాతం మన అనంతపురానికి దగ్గరగానే ఉంటుంది. ఏ ఏడాది ఎంతో ఎవరూ చెప్పలేకపోవడంలోనూ ఆ రెండు చోట్లకూ పోలిక ఉంది.

పావెల్ మాట ఆనాడు ఎవరూ విననేలేదు. నాగలి నడిచిన చోటికి వాన తనే వస్తుందని భూముల వ్యాపారులు, రైలు కంపెనీలు ఊరూరా ప్రచారం చేస్తున్న కాలమది. దున్నితే మబ్బు పడుతుందని కొందరు పండితులు కూడా నమ్మారు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు కాపురముండి సేద్యం చేసినవాళ్లకు 160 ఎకరాలు సొంతమవుతాయి. తడి నేలలో 160 ఎకరాలంటే పెద్ద రైతు కిందే లెక్క. ఈ గీత మీద అది సంసారం ఈదడానికే చాలదు. కౌంటీ జనాభా కథంతా ఆ తేడాలోనే ఉంది.

1877 ఏప్రిల్‌లో ఏడుగురు కలిసి నికోడెమస్ అనే ఊరు పెట్టడానికి ఒక కంపెనీ కట్టారు. అందులో ఆరుగురు నల్లవాళ్లు. ఏడోవాడు డబ్ల్యు.ఆర్. హిల్ అనే తెల్ల భూముల వ్యాపారి. కంపెనీ అధ్యక్షుడు డబ్ల్యు.హెచ్. స్మిత్, కార్యదర్శి సైమన్ రౌండ్‌ట్రీ అనే పాస్టరు. కెంటకీలోని నల్లజాతి చర్చిల్లో కరపత్రాలు పంచారు. ఊళ్లో స్థలానికి ఐదు డాలర్లు. చదునైన నేల, నీళ్లున్న నేల, మన నేల అని ఆశ పెట్టారు. బానిసత్వం పోయి 12 ఏళ్లయినా పాత యజమానుల పొలాల్లోనే పాలికి చేసుకుంటూ, రాత్రిపూట ముసుగు దొంగలకు భయపడుతూ బతుకుతున్న వాళ్లకు ఆ మూడో మాట ఒక్కటీ చాలు. ఆ సెప్టెంబరులో 300 మందికి పైగా బయల్దేరి వచ్చారు.

రైలు ఎల్లిస్ దాకానే. అక్కడి నుంచి దాదాపు 35 మైళ్లు నడక, లేదంటే బండి. 1878 వసంతంలో డేనియల్ హిక్‌మన్ అనే పాస్టరు నాయకత్వంలో జార్జ్‌టౌన్ నుంచి ఇంకో బృందం వచ్చింది. ఎల్లిస్‌లో ఉండగానే పొంగు సోకి పిల్లలు చనిపోయారు. పిల్లల్ని అక్కడే పూడ్చిపెట్టి, దారే లేని మైదానంలో దిక్సూచి చూసుకుంటూ నడిచారు. పాస్టరు భార్య విలియానా హిక్‌మన్ తర్వాతెప్పుడో చెప్పిన సంగతి కాన్సస్ చరిత్రలో నిలిచిపోయింది. మగవాళ్లు అదుగో నికోడెమస్ అని కేకలు వేశారట. ఆమె ఎంత చూసినా ఊరు కనిపించలేదు. నేలలోంచి పొగలు వస్తున్నాయి, అంతే. ఆ పొగ వచ్చే చోటే ఊరని భర్త చెప్పాడు. జనం నేలలో గుంతలు తవ్వుకుని కాపురముంటున్నారు. ఆమె ఏడ్చేసింది.

మోసపోయామని తెలిసి కొన్ని కుటుంబాలు వెంటనే వెనక్కి మళ్లాయి. కొందరికి వెనక్కి పోవడానికి చార్జీలు లేవు. ఇంకొందరికి ఉన్నా పోలేదు, వెనక ఉన్నదేమిటో వాళ్లకు బాగా తెలుసు కాబట్టి. కలప లేదు. సాలమన్ ఒడ్డు గట్టులోకి తవ్వి, ముందు వైపు గడ్డిపెళ్లలు పేర్చి ఇళ్లు కట్టారు. వంటకి ఎండిన పేడ, పొద్దుతిరుగుడు కాడలు. నాగళ్లూ గుర్రాలూ పట్టుమని పది లేవు. మగవాళ్లు పారలతో, గొడ్డళ్లతో ఆ మొండి నేలని తిరగేశారు. దున్నల ఎముకలు ఏరి బండ్లకెత్తి అమ్ముకున్నారు, వాటిని పొడిచేసి ఎరువుగా వాడేవాళ్లు. ఆ మొదటి చలికాలం వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ జాతి వాళ్లు తమ దగ్గరున్న మాంసంలో కొంత ఇచ్చి పోయారని నికోడెమస్ కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటున్నాయి. తమ నేలలు తామే పోగొట్టుకుంటున్న కాలంలో ఆ ఓసేజ్‌లు ఆ పని చేశారు.

రెండు మూడేళ్లు తిరిగేసరికి బడి, చర్చిలు, తపాలా కార్యాలయం వచ్చాయి. జాకరీ ఫ్లెచర్, జెన్నీ స్మిత్ ఫ్లెచర్ దంపతులు దుకాణం, హోటలు పెట్టారు. ఆమె బడిలో పాఠాలు చెప్పింది. 1878లోనే ఎడ్వర్డ్ మెకేబ్ అనే యువకుడు షికాగో నుంచి వచ్చాడు. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, గుమస్తాగిరీ చేసినవాడు, లెక్కలూ చట్టమూ తెలిసినవాడు.

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే గాని, పైనుంచి కలెక్టరు రాడు. కాన్సస్‌లో గుమస్తా, షెరీఫు, ప్రభుత్వ న్యాయవాది అందరూ ఓట్లతో వస్తారు. కౌంటీ గుమస్తా అంటే చిన్న ఉద్యోగం కాదు. పన్నుల జాబితాలు, ఎన్నికల పత్రాలు, కౌంటీ ఖర్చుల పుస్తకాలు ఆయన చేతి కింద నుంచే నడుస్తాయి. 1880లో గ్రాహం కౌంటీ పాలన మొదలైనప్పుడు గవర్నరు జాన్ సెయింట్ జాన్ తాత్కాలిక గుమస్తాగా నియమించింది మెకేబ్‌నే. మరుసటి ఏడాది ఆయన అదే పదవికి ఎన్నికల్లో నెగ్గాడు. కౌంటీలో తెల్లవాళ్లే ఎక్కువమంది. 1882లో ఏకంగా రాష్ట్ర ఆడిటర్ అయ్యాడు, 1884లో మళ్లీ గెలిచాడు. దక్షిణాదిలో నల్లవాళ్ల ఓటుని తుపాకులతో అణగదొక్కుతున్న రోజుల్లో కాన్సస్ ఖజానా లెక్కల మీద ఒక నల్లజాతి అధికారి సంతకం పడింది. ఆ సంతకం తయారైంది గుంతల్లో కాపురాలున్న ఊళ్లో. అమెరికా చరిత్ర పుస్తకాలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇక రెండో గీత, రైలుది. 1880ల నడుమ వానలు బాగా కురిశాయి, నికోడెమస్ నిలదొక్కుకుంది. రెండు వార్తాపత్రికలు వచ్చాయి, వెస్టర్న్ సైక్లోన్ ఒకటి, నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్ ఇంకొకటి. బ్యాంకు, సున్నపురాతి కట్టడాలు, తెల్ల వ్యాపారులు కూడా వచ్చి చేరారు. ఇంక కావలసింది రైలు. ధాన్యం 35 మైళ్లు బండి మీద తోలుకుపోతే గిట్టుబాటు కాదు. 1887లో మిస్సోరీ పసిఫిక్ కంపెనీ తమ ఊరి మీదుగా లైను వేస్తే 16,000 డాలర్ల బాండ్లు ఇస్తామని టౌన్‌షిప్ ఓటర్లు ఒప్పుకున్నారు. అంత చిన్న ఊరికి అది తలకు మించిన భారం. ఆ కంపెనీ రాలేదు. మరుసటి ఏడాది యూనియన్ పసిఫిక్ వచ్చింది గాని, నదికి అవతలి ఒడ్డున కొన్ని మైళ్ల దూరంలో పట్టాలు వేసి, అక్కడ బోగ్ అనే స్టేషను పెట్టింది. నికోడెమస్ వ్యాపారులు సరుకే కాదు, కట్టడాలు కూడా విప్పుకుని నది దాటించి బోగ్‌లో నిలబెట్టుకున్నారు. పత్రికలు మూతపడ్డాయి.

అదే 1888లో కౌంటీ ముఖ్యపట్టణం పోటీ కూడా తేలిపోయింది. తొలుత ఆ హోదా ఉన్న మిల్‌బ్రూక్‌ని అంతకు ముందు ఏడాది సుడిగాలి నేలమట్టం చేసింది. హిల్ సిటీ గెలిచింది. పేరులోని హిల్ కొండ కాదు, కరపత్రాల డబ్ల్యు.ఆర్. హిల్. నికోడెమస్‌లో స్థలాలమ్మిన మనిషి పేరుతో ఇవాళ్టికీ కౌంటీ కచేరీ నడుస్తోంది. మెకేబ్ కాన్సస్ విడిచి ఓక్లహోమా వెళ్లి, 1890లో లాంగ్‌స్టన్ అనే మరో నల్లజాతి పట్టణానికి పునాది వేశాడు.

రైలు రాకపోవడాన్ని జాతివివక్ష అని కొందరు, కంపెనీ బేరసారాలని కొందరు అంటారు. నాకు మాత్రం ఆ రెంటిని విడదీయడం కుదరదనిపిస్తుంది. ఎవరి ఊరు బేరానికి పనికొస్తుంది అనేది ఆనాడు ఎవరు ఎవరికి తెలుసు అన్నదాని మీద ఉండేది. ఆ పరిచయాలు కెంటకీ నుంచి పారలతో వచ్చినవాళ్లకు లేవు.

జనాభా లెక్కలు చూస్తే రెండు గీతలూ అందులో కనిపిస్తాయి. 1880లో కౌంటీలో 4,258 మంది. 1890లో 5,029. తర్వాత పదేళ్లలో కరువులు పడి పెరుగుదల దాదాపు ఆగిపోయింది, 1900లో 5,173. మంచి వానలు, గోధుమ ధరలు కలిసొచ్చి 1910లో 8,700కి చేరింది. అదే శిఖరం. ఆ తర్వాత దాన్ని ఎన్నడూ అందుకోలేదు. 1930లలో గిట్టని ధరలు, దుమ్ము తుపానులు. 1930లో 7,772 ఉన్నది 1940కి 6,071, 1950కి 5,020. ఆ తర్వాత ఒక్కసారి మాత్రం పైకి లేచి 1960లో 5,586 అయింది. అది చమురు పుణ్యం. పొలాల మధ్య తలలూపే పంపులు వచ్చాయి, వాటి కూలీలు వచ్చారు. ఆ ఊపు తగ్గాక ప్రతి పదేళ్లకూ తరుగుదలే. 2000లో 2,946. 2020లో 2,415, అంటే శిఖరంలో మూడో వంతు కూడా కాదు. అందులో 1,400 మంది హిల్ సిటీలోనే ఉన్నారు.

చదరపు మైలుకు ఇద్దరికంటే తక్కువుంటే ఆ నేలని సరిహద్దు ప్రాంతం అని 19వ శతాబ్దపు జనాభా లెక్కలవాళ్లు రాసేవారు. 1890లో ఇక దేశంలో అలాంటి అంచు గీత లేదని ప్రకటించారు. ఇప్పుడు గ్రాహం కౌంటీ సాంద్రత చదరపు మైలుకు ముగ్గురికి లోపే.

పంట తగ్గి జనం పోలేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తి వేసవి మొదట్లో కోసే గోధుమ, ఆ తర్వాత జొన్న, పశువులు, అన్నీ ఉన్నాయి. జొన్న ఆఫ్రికా పంట, ఎండకు తట్టుకుంటుంది. అందుకే ఈ గీత మీద నిలిచింది. కానీ ఈ నేలలో బతకాలంటే వేల ఎకరాలు కావాలి, వేల ఎకరాలకు పెద్ద యంత్రాలు కావాలి, ఆ యంత్రాలొస్తే మనుషులు అక్కర్లేదు. 160 ఎకరాల వాళ్లు ఒక్కొక్కరే పక్కవాడికి అమ్ముకుని వెళ్లారు. రైతు వెళ్తే దుకాణం, దుకాణం వెళ్తే బడి. రైలు దొరికిన బోగ్ కూడా ఈ తరుగుదల తప్పించుకోలేదు. నికోడెమస్‌లో తపాలా కార్యాలయం 1953లో, బడి 1960లో మూతబడ్డాయి.

1996లో నికోడెమస్‌ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించి జాతీయ ఉద్యానవనాల శాఖకు అప్పగించారు. ఐదు కట్టడాలు దాని కిందికి వస్తాయి. రెండు చర్చిలు, ఫ్లెచర్ల హోటలు, 1918 నాటి బడి, 1930ల మాంద్యంలో ప్రభుత్వ ఉపాధి పనుల కింద కట్టిన సున్నపురాతి టౌన్‌షిప్ హాలు. 2020 లెక్కల్లో ఊరి జనాభా 14.

ఆ 14 చూసి ఊరు పోయిందని రాసినవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఇక్కడ పుట్టిన వెరిల్ స్విట్జర్ సంగతే తీసుకోండి. కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, 1954లో వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు దేశం మొత్తం మీద నాలుగో ఎంపికగా గ్రీన్ బే ప్యాకర్స్ జట్టులో చేరాడు. తర్వాత అదే విశ్వవిద్యాలయంలో పెద్ద పదవులు చేశాడు. నికోడెమస్ పొలాన్ని మాత్రం వదులుకోలేదు. 2022లో ఆయన చనిపోయాడు. ఐదు డాలర్లిచ్చి మోసపోయిన తరం సంపాదించిన నేల కొంతైనా వాళ్ల వారసుల పేరు మీదే ఉందంటే అది తేలికగా జరిగింది కాదు.

1878 నుంచీ ఆ ఊళ్లో విమోచన ఉత్సవం ఉంది. మొదట్లో ఆగస్టు 1న, వెస్టిండీస్‌లో 1834లో బానిసల విడుదల జరిగిన రోజున చేసేవాళ్లు. ఇప్పుడు జులై చివరి వారాంతంలో జరుపుతున్నారు. డెన్వర్ నుంచి, టొపీకా నుంచి, కాలిఫోర్నియా నుంచి కుటుంబాలు దిగుతాయి. ఊరేగింపు, వంటలు, చర్చిలో ప్రార్థన, స్మశానంలో పెద్దల సమాధులు శుభ్రం చేసుకోవడం. 14 మంది ఊళ్లో వందలమంది తిరుగుతారు. అమెరికా జనాభా లెక్కలకు తేదీ ఏప్రిల్ 1. ఆ తేదీ నాటికి మామూలుగా ఎక్కడ కాపురముంటుంటే అక్కడి మనిషిగానే రాసుకుంటారు. అందుకే వీళ్లంతా గ్రాహం కౌంటీ లెక్కకు రారు.