కోటలో బ్యాండు, కొండమీద పటికబెల్లం

రికార్డులు పోగుచేసేవాళ్ళకో పిచ్చి ఉంటుంది. బజార్లో దొరికే ఆల్బం వాళ్ళకు ఆనదు. ఆ పాట స్టూడియో గడప తొక్కకముందు ఏ ఇరుకు గదిలోనో పాడి చూసుకున్న డెమో టేపు కావాలి. బ్యాండు విడిపోయి, జుట్టు నెరిశాక మళ్ళీ కలిసి వాయించిన రోజు రికార్డింగూ కావాలి. ఇంగ్లండులో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బ్యాండు ఉంది. 1969లో ‘లీజ్ అండ్ లీఫ్’ ఆల్బంలో పాత పల్లెపదాలకు ఎలక్ట్రిక్ గిటారు తగిలించింది వీళ్ళే. ఆ బ్యాండు పాతకాపులూ కొత్తవాళ్ళూ ఏటా ఆగస్టులో క్రాప్రెడీ అనే పల్లెలో కలుస్తారు. అభిమానులు అక్కడికి తీర్థానికి వెళ్ళినట్టు వెళ్తారు.

మనకూ అలాంటి వేట ఒకటుంది. టేపులు లేవు గానీ కాగితాలున్నాయి. పల్లె బాణీలు, వాటిని మోగించిన బ్యాండు, ఒక తొలిపాట, విడిపోయి కలుసుకున్న అన్నదమ్ములు, అన్నీ ఒక్క ఇంటి కథలోనే దొరుకుతాయి. ఆ ఇల్లు ముత్తుస్వామి దీక్షితులది.

తిరువారూరులో పుట్టిన ముత్తుస్వామి పెరిగింది మద్రాసు పక్కన మణలిలో. చెన్నై జిల్లాలో కలిపేదాకా, అంటే 2018 వరకు, మణలి తిరువళ్ళూరు జిల్లాలోదే. ఇప్పుడా పేరు చెబితే చమురు శుద్ధి కర్మాగారం గుర్తొస్తుంది. ఆ రోజుల్లో మణలి అంటే ముద్దుకృష్ణ ముదలియారు. కుంపిణీ దొరలకు దుబాసీ, బాగా కలిగినవాడు, సంగీతం చెవికెక్కినవాడు. ముత్తుస్వామి తండ్రి రామస్వామి దీక్షితులను పిలిచి కొలువిచ్చాడు. హంసధ్వని రాగాన్ని సృష్టించింది ఈ రామస్వామిగారే. ఆయన కట్టిన 108 రాగతాళమాలిక తెలుగులోనే ఉంది. నూటెనిమిదిలో మనకు మిగిలినవి అరవై ఒక్క రాగాలు. తక్కిన టేపు తెగిపోయిందనుకోవాలి.

ముద్దుకృష్ణుడి కొడుకు చిన్నయ్య ముదలియారు దీక్షితుల పిల్లల్ని సెయింట్ జార్జి కోటకు తీసుకెళ్ళేవాడట. అక్కడ కుంపిణీ సైనికుల బ్యాండు మోగేది. ఆ వాద్యగాళ్ళేమీ మహా విద్వాంసులు కారు. ఐర్లండు పల్లెల్లో గంతులేసే పాటలు, స్కాట్లండు రీళ్ళు, రాజుగారి స్తుతిగీతం, విందుల్లో దొరలు ముచ్చటపడి పాడించుకున్న ‘తాజా బ తాజా’ అనే పారశీక బాణీ, ఇలా చేతికందినదల్లా వాయించేవాళ్ళు. ముత్తుస్వామి తమ్ముడు బాలుస్వామికి ఫిడేలు మీద మనసు పడింది. బ్యాండువాడి దగ్గర మూడేళ్ళు నేర్చుకుని, ఆ వాద్యాన్ని మన కచేరీలోకి తెచ్చాడు. నేడు ఫిడేలు లేని కర్ణాటక కచేరీని ఊహించలేం.

అన్నగారు చేసింది మరో పని. ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం రాశాడు. ఇంగ్లీషు ‘నోటు’ మన నోట్లో నలిగి ‘నొట్టు’ అయింది. అలా ఇవి నొట్టుస్వరాలయ్యాయి. నలభై దాకా ఉన్నాయి. అన్నీ శంకరాభరణం మెట్టులోనే నడుస్తాయి. ‘గాడ్ సేవ్ ద కింగ్’ శ్యామలాదేవిని వేడుకునే ‘సంతతం పాహిమాం’ అయింది. ‘రేక్స్ ఆఫ్ మాలో’ అనే ఐరిష్ గంతుల పాట మీనాక్షమ్మకు వందనమై, ‘వందే మీనాక్షి’ పేరుతో నిలిచింది. ‘లార్డ్ మెక్డొనాల్డ్స్ రీల్’ అనే స్కాటిష్ బాణీ మీద ‘జగదీశ గురుగుహ’ పుట్టింది. వాగ్గేయకారుడు ముత్తయ్య భాగవతార్ కూర్చిన ‘ఇంగ్లీషు నోటు’ వీటికి చాలా తర్వాతి సంగతి. రెంటినీ కలగలపకూడదు.

‘సంతతం పాహిమాం’ను హార్మోనియం మీద పట్టి చూడండి. షడ్జం దగ్గర బయల్దేరి, ఒక మెట్టు ఎక్కి, షడ్జానికి ఒక మెట్టు కిందికి దిగి, మళ్ళీ షడ్జం చేరుతుంది. తిశ్రంలో మూడేసి దెబ్బలు. గమకం లేదు. స్వరం ఊగదు, నిటారుగా నిలబడుతుంది, కవాతులో సిపాయిలాగా. దాని మీద కూర్చున్న సాహిత్యం మాత్రం మెత్తని సంస్కృత సమాసాలు. సంగీతం మాస్టార్లు వీటిని పిల్లల పాటలని పక్కన పెడతారు. నాకది అన్యాయమనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర మద్రాసు కోటలో ఏ పాట ఎలా మోగిందో ఒక మేధావి చెవి పట్టుకున్న రికార్డింగు ఇది.

మరి వీటిని రాసిందెప్పుడు? డెమో ఏ ఏటిదో తేల్చే కలెక్టరు పని ఇక్కడే మొదలవుతుంది. జవాబు వెతకాలంటే తిరుత్తణి వెళ్ళాలి.

ముత్తుస్వామి తన గురువు చిదంబరనాథ యోగి వెంట కాశీ వెళ్ళి, కొన్నేళ్ళకు ఆయన పోయాక మణలికి తిరిగొచ్చాడు. తర్వాత తిరుత్తణి కొండెక్కాడు. అక్కడి సుబ్రహ్మణ్యస్వామి గుడికి 365 మెట్లు, ఏడాదికెన్ని రోజులో అన్ని. అక్కడ ధ్యానంలో ఉండగా ఒక ముసలాయన వచ్చి, నోరు తెరవమని పటికబెల్లం పెట్టి మాయమయ్యాడని సంప్రదాయం చెబుతుంది. కళ్ళు తెరిచి పాడిన పాట మాయామాళవగౌళలో ‘శ్రీనాథాది గురుగుహో’. పిల్లలకు సరళీస్వరాలు మొదలుపెట్టే రాగమే అది. ప్రథమా విభక్తితో మొదలై, ఒక్కో విభక్తికో కృతి చొప్పున సంబోధన దాకా ఎనిమిది. వ్యాకరణం పుస్తకాన్నే పాటల పేటికగా మార్చినట్టుంటుంది. దీక్షితులు తన కృతుల్లో సంతకంలా పెట్టిన ‘గురుగుహ’ ముద్ర పుట్టింది కూడా ఆ కొండమీదే.

ఇప్పుడు నొట్టుస్వరాల వైపు మళ్ళీ చూడండి. వాటిలో చాలావాటికి గురుగుహ ముద్ర ఉంది. అంటే బాణీ మణలి రోజుల్లో చెవిన పడినా, మాటలు తిరుత్తణి తర్వాతే కుదిరి ఉంటాయి. ఒకప్పటి తిరువళ్ళూరు జిల్లాకు ఆ కొసన మణలిలో విన్నది, ఈ కొసన తిరుత్తణిలో పాటయింది. ఇది నా లెక్క. ఒప్పుకోకపోతే ముద్ర ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.

ఇంకో ముచ్చట. ఆంగ్ల సంవత్సరాదికి జనం దొరల గుమ్మాల దగ్గర పడిగాపులు పడటం చూడలేక, వల్లిమలై స్వామి ఇదే కొండమీద మెట్లపూజ మొదలుపెట్టాడు. నూరేళ్ళకు పైగా డిసెంబరు 31న మెట్టు మెట్టుకూ తిరుప్పుగళ్ అనే సుబ్రహ్మణ్య స్తుతులు పాడుతూ ఎక్కుతున్నారు. దొరల పండుగను కాదన్న కొండే, దొరల బాణీలను దేవుడి పాటలు చేసినవాడికి తొలిపాట ఇచ్చింది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదేనన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

కలయిక విషయానికొస్తే, తమ్ముడు బాలుస్వామి ఎట్టయపురం ఆస్థానంలో ఉన్నాడని విని ముత్తుస్వామి వెతుక్కుంటూ వెళ్ళాడు. 1835 దీపావళి నాడు అక్కడే కన్నుమూశాడు. అన్నదమ్ములు కలిసి ఏం వాయించారో ఏ కాగితమూ చెప్పదు. ఫిడేలు మీద ఆ పాత బ్యాండు బాణీ ఒక్కసారైనా మోగి ఉంటుందని మాత్రం అనిపిస్తుంది.

ఇక పోగుచేసినవాళ్ళ సంగతి. ముందువరసలో మన బ్రౌను దొరే. ఆయన సేకరించిన 1830ల నాటి రాతప్రతుల్లో ఈ స్వరాలున్నాయి. అప్పటికి దీక్షితులు బతికే ఉన్నాడు. 1892లో చిన్నస్వామి ముదలియారు అనే క్రైస్తవుడు, మద్రాసు సచివాలయ ఉద్యోగి, మన కృతులను ఐరోపా స్వరలిపిలో అచ్చువేయడం మొదలుపెట్టాడు. డబ్బు హరించుకుపోయింది, చూపు పోయింది, పట్టు మాత్రం పోలేదు. ఇంటి నిధిని గ్రంథం చేయకపోతే ఎలాగని, బాలుస్వామి దౌహిత్రుడూ దత్తుడూ అయిన సుబ్బరామ దీక్షితులకు ఎట్టయపురం ప్రభువుతో చెప్పించింది కూడా చిన్నస్వామే. 1904లో అక్కడి విద్యావిలాసిని ముద్రాక్షరశాల నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. సుమారు 1,700 పుటలు. కంపితానికో గుర్తు, జారుకో గుర్తు, ఒక్కో గమకానికీ వేరే అచ్చక్షరం. తమిళదేశం నడిబొడ్డున, తమిళుడు, తెలుగు మూలాలున్న జమీందారు సొమ్ముతో అచ్చువేసిన ఆ గ్రంథం తెలుగులో ఉంది. మరుసటేడు వచ్చిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో నొట్టుస్వరాలు చేరాయి. మద్రాసు సంగీత అకాడమీ 1961 నుంచి ప్రదర్శినిని తమిళ లిపిలో తెచ్చింది. ఒకనాడు తెలుగు చదవడం వస్తే చాలు అందినది, నేడు తెలుగు పిల్లలు ఇంగ్లీషులో వెతుక్కుంటున్నారు.

అమెరికాలో స్థిరపడిన కన్నికేశ్వరన్ ఈ నొట్టుస్వరాలను ఐరిష్, స్కాటిష్ మూలాల పక్కన పెట్టి ‘విస్మయ’ పేరుతో ఆల్బం చేశారు. పాట వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి పుట్టింటి తలుపు తట్టింది.

మీ అమ్మమ్మదో నాయనమ్మదో సంగీతం నోటుబుక్కు అటక మీద ఉంటే ఒకసారి దించండి. గీతాలూ స్వరజతుల నడుమ ‘ఇంగ్లీషు స్వరము’ అనో ‘నొట్టు’ అనో శీర్షిక కనిపిస్తే, పాత కాగితాలవాడికి వేయకండి. పుట పుటా ఫోటో తీసి, దగ్గర్లో ఉన్న సంగీత కళాశాల గ్రంథాలయానికి ఒక నకలు ఇవ్వండి.