ఛాసీ బ్రేస్

కారు బాడీలో రెండు చోట్లను ఉక్కు లేదా అల్యూమినియం కడ్డీతో కలిపి, వాటి మధ్య కదలికను తగ్గించే అదనపు భాగం ఛాసీ బ్రేస్. వీటిలో ఎక్కువగా అమ్ముడయ్యేది స్ట్రట్ బార్. బానెట్ కింద కుడి, ఎడమ షాక్ అబ్సార్బర్ల తలలను కలుపుతూ అడ్డంగా పోయే కడ్డీ ఇది. కంపెనీ నుంచి ఇది లేకుండా వచ్చిన కార్లకు యజమానులు విడిగా కొని బిగించుకుంటారు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ముందరి బార్ గురించి, దాన్ని ఇంటి దగ్గరే అమర్చుకునే పద్ధతి గురించి. రోడ్ల ప్రస్తావన వచ్చినచోట ప్రకాశం జిల్లా సింగరాయకొండ పరిసరాలను ఉదాహరణగా తీసుకున్నాం.

పుట్టుక

బాడీయే ఛాసీగా పనిచేసే మోనోకాక్ కట్టడం వచ్చాకే ఇలాంటి కడ్డీకి అర్థం ఏర్పడింది. ఈ కట్టడానికి 1922 నాటి లాన్సియా లాంబ్డాను తొలి మెట్టుగా, 1934 నాటి సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంత్‌ను దాన్ని జనంలోకి తెచ్చిన కారుగా చెప్పడం వాడుక. మన దేశంలో మోనోకాక్‌ను ఇంటింటికీ పరిచయం చేసింది అంబాసిడర్. దాని తయారీ మొదలైన ఏడాదిని కొందరు 1957 అని, మరికొందరు 1958 అని రాస్తారు. బొలెరో లాంటి వాహనాలకు బాడీ కింద నిచ్చెన ఆకారంలో విడి ఛాసీ ఉంటుంది కాబట్టి ఈ చర్చ వాటికి వర్తించదు.

రెండో మూలం మాక్‌ఫర్సన్ స్ట్రట్. స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ ఒకే గొట్టంగా కలిసి, దాని తల నేరుగా బాడీ రేకుకు బిగుసుకునే సస్పెన్షన్ ఇది. ఎర్ల్ మాక్‌ఫర్సన్ జనరల్ మోటార్స్‌లో షెవర్లే కెడెట్ అనే చిన్న కారు కోసం దీన్ని రూపొందించాడు. ఆ కారు మార్కెట్లోకి రాలేదు. ఆయన ఫోర్డ్‌కు మారాడు. ఈ స్ట్రట్‌తో వచ్చిన మొదటి కారు ఏది అన్నదానిపై రెండు మాటలున్నాయి. ఫ్రాన్సులో తయారైన 1949 నాటి ఫోర్డ్ వెడెట్ అని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. అయితే వెడెట్ నమూనా మాక్‌ఫర్సన్ రాకకు ముందే సిద్ధమైందని, అందులో ఉన్నది విష్‌బోన్ సస్పెన్షన్ అని, ఆ గౌరవం 1950లో లండన్ ప్రదర్శనలో పెట్టిన ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లదని చెప్పేవారి వాదనకే ఆధారం గట్టిగా ఉంది. ఇలాంటి ఆలోచన 1920ల్లోనే ఫియట్ ఇంజనీరు గిడో ఫోర్నాకా కాగితం మీద పెట్టినట్టు కూడా చెబుతారు. భారతదేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో ముందు చక్రాలకు ఈ స్ట్రట్ మామూలు విషయమైపోయింది.

అడ్డ కడ్డీ మాత్రం స్ట్రట్ ఉన్న కార్లతోనే మొదలుకాలేదు. 1960ల ఫోర్డ్ మస్టాంగ్‌లో షాక్ టవర్లను (షాక్ తల బిగిసే బాడీ భాగాలను) ఇంజిన్ వెనకున్న ఫైర్‌వాల్‌కు కలుపుతూ రెండు విడి రేకు బద్దీలు ఉండేవి. విదేశాలకు పంపే కార్లకు వాటి బదులు ఒకే ముక్కగా చేసిన త్రిభుజాకారపు బ్రేస్ వేసేవారు. గతుకుల రోడ్ల కోసమే ఈ మార్పు అన్నది ప్రచారంలో ఉన్న కారణం. టవర్ల మధ్య అడ్డంగా వేసే కడ్డీకి మాంటే కార్లో బార్ అన్న పేరు ఆ కాలంలోనే, అదే పేరున్న ర్యాలీ మీదుగా వచ్చింది. ఈ రెండు రూపాలూ గుర్తుంచుకోదగ్గవి. ఇప్పుడు దుకాణంలో దొరికే ప్రతి బార్ వీటిలో ఏదో ఒకదానికి వారసురాలే, రెండూ చేసే పని మాత్రం ఒకటి కాదు.

పనితీరు

మలుపులో టైరు మీద పడే పక్కబలాన్ని ఎక్కువగా కింది ఆర్మ్ మోస్తుంది. స్ట్రట్ తలకు చేరేది, కొలతలను బట్టి మారినా, సుమారు మూడో వంతు. అంటే టైరు మీద 200 కిలోల పక్కబలం ఉంటే టవర్ మీద పడేది సుమారు 67 కిలోలు. ఆ బలానికి రెండు టవర్లు ఒకదానికొకటి దగ్గరవడమో దూరమవడమో జరగకుండా చూడడమే బార్ పని. బాడీ ఒరగడాన్ని ఇది తగ్గించదు. అది యాంటీ రోల్ బార్ చేసే పని. ఈ రెండింటినీ ఒకటిగా చెప్పి అమ్మే అలవాటు బాగా ఉంది.

బార్ పనితీరు కడ్డీ ఆకారం మీద చాలా ఆధారపడి ఉంటుంది. 28 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ మందం ఉన్న మీటరు పొడవు ఉక్కు గొట్టం నిటారుగా ఉంటే, దాన్ని పొడవునా ఒక్క మిల్లీమీటరు కుదించడానికి లెక్క ప్రకారం 3 టన్నులకు పైగా బలం కావాలి. ఇంజిన్ మూత తగలకుండా అదే గొట్టాన్ని దాదాపు పొడవంతా 5 సెంటీమీటర్లు పైకెత్తి వంచి, కొసలు బోల్టు మీద తిరిగేలా వదిలేస్తే ఆ బిగువు ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. 110 కిలోలకే మిల్లీమీటరు కదులుతుంది. కొసల్లో బ్రాకెట్‌కు గట్టిగా వెల్డింగ్ చేసి వస్తే నష్టం కొంత తగ్గుతుంది. రంగు, బరువు, కంపెనీ పేరు చూసేముందు చూడవలసింది కడ్డీ ఎంత నిటారుగా ఉంది, కొసలు ఎలా కలిశాయి అన్నదే.

ఇక మెలి. ఒక చక్రం గుంతలో, పక్క చక్రం మిట్ట మీద ఉన్నప్పుడు బాడీ మూత తీసిన అట్టపెట్టెలా మెలి తిరుగుతుంది. రెండు చివర్ల బార్ టవర్ల మధ్య దూరాన్ని కాపాడుతుందే తప్ప ఈ మెలిని పెద్దగా ఆపలేదు. ఫైర్‌వాల్‌కు కూడా కలిపే మూడు లేదా నాలుగు చివర్ల బార్ కొంత ఆపుతుంది. టవర్లు ఫైర్‌వాల్‌కు ఆనుకునే ఉన్న చిన్న కార్లలో బాడీ అక్కడ ముందే గట్టిగా ఉంటుంది కాబట్టి ఏ రకం బార్‌తోనైనా తేడా తక్కువ. స్టీరింగు చురుకుదనం పెరిగిందని వాడినవారు చెప్పేదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అరిగిన టైర్లు, పగిలిన బుష్‌లు మార్చితే వచ్చే తేడా దీనికంటే ఎక్కువ అన్నది మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

సింగరాయకొండ పరిసరాలు

సింగరాయకొండ చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉంది. పాత లెక్కలో అది 5వ నంబరు, ఇప్పుడు 16. ఆ రహదారి మీద తిన్నగా, చదునుగా సాగే ప్రయాణంలో బార్‌కు పని దాదాపు ఉండదు. రహదారి దిగి కొండపి, జరుగుమల్లి వైపు పొగాకు, మిరప, పత్తి చేల మధ్యకు వెళ్తే కథ వేరు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద వేసిన తారు రోడ్డు అంచులు కుంగి, పొడుగునా చీలుతాయి. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎడమ చక్రాలు కుంగిన అంచు మీదకి దిగాల్సిందే. ఇది పక్కబలం కంటే మెలి ఎక్కువ పడే సందర్భం. కాబట్టి డ్యాష్‌బోర్డు కిటకిటలు పోతాయన్న ఆశతో ఇక్కడివారు రెండు చివర్ల బార్ కొంటే ఆశాభంగం తప్పకపోవచ్చు.

పాకల తీరం పక్కనే ఉండడం వల్ల ఉప్పుగాలి మరో సంగతి. బ్రాకెట్ కింద చేరిన తేమ రంగు పగిలినచోట తుప్పుగా మారుతుంది.

పెద్ద పనులకు జనం వెళ్లేది ఒంగోలుకు, ఇంకా ఉత్తరాన లారీ బాడీలకు పేరున్న విజయవాడ ఆటోనగర్‌కు. లారీ ఛాసీ పట్టీ అంచుల మీద వెల్డింగ్ పెట్టకూడదు, బెజ్జం వేయకూడదు అన్నది బాడీ కట్టేవారికి తెలిసిన నియమం. కారు టవర్లకూ అదే సూత్రం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. గట్టి ఉక్కు రేకు వేడి తగిలితే బలం కోల్పోతుంది. వెల్డింగ్ లేకుండా, ఉన్న బోల్టులకే బిగిసే బార్ తప్ప మరొకటి ఇంటి దగ్గర పెట్టుకోదగ్గది కాదు.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. మార్పు అంటే వాహన నిర్మాణంలో మౌలిక లక్షణాన్ని మార్చేది అని ఆ సెక్షన్ వివరణ చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని కఠినంగా అన్వయించింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ(4) కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బోల్టులతో బిగించి, మళ్లీ విప్పేయగల కడ్డీ మౌలిక లక్షణాన్ని మార్చదన్న వాదన సబబుగానే తోస్తుంది. బెజ్జం వేసినా, వెల్డింగ్ చేసినా ఆ వాదన నిలవడం కష్టం. 2017 చివర్లో బంపరు ముందు పెట్టే బుల్ బార్లను కేంద్ర రవాణా శాఖ ఇదే 52వ సెక్షన్ చూపి ఆపమన్నది. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలపడం మేలు.

ఇంటి వద్ద అమర్చడం

కారు నాలుగు చక్రాల మీద చదునైన నేల మీద ఉండాలి. జాకీ ఎత్తకూడదు. బరువు నేల మీద ఉన్నంతసేపు స్ట్రట్ తల టవర్‌కు అదుముకుని ఉంటుంది. చక్రం గాలిలో ఉంటే నట్లు విప్పగానే అది కిందికి జారుతుంది. ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి పని మొదలుపెట్టాలి. కడ్డీ పొడవైన లోహం. ఒక కొస పాజిటివ్ టెర్మినల్‌కు, ఇంకో కొస బాడీకి తగిలితే మంటలే.

టవర్ మీద నట్లు కారును బట్టి రెండు, మూడు ఉంటాయి, మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. ఆ మధ్య నట్టును ముట్టుకోకూడదు. అదిమిపెట్టిన స్ప్రింగును పట్టి ఉంచేది అదే. దాన్ని ఇంట్లో విప్పబోతే స్ప్రింగు ఎగిరి ప్రాణం మీదకు వస్తుంది. కొన్ని కార్లలో చుట్టూ నట్లే ఉండవు, మధ్య నట్టు ఒక్కటే ఉంటుంది. అలాంటి కారుకు ఆ నట్టు విప్పి పెట్టే బార్ అయితే పని మెకానిక్కుకే వదిలేయాలి.

చుట్టూ ఉన్న నట్లు సాధారణంగా 8 లేదా 10 మిల్లీమీటర్ల మరవి. జపాను, కొరియా కార్లకు 12, 14 నంబరు పానాలు, యూరోపు కార్లకు 13, 16 లేదా 17 సరిపోతాయి. విప్పేముందు నట్ల చుట్టూ మార్కరుతో గీత గీయాలి. కొన్ని కార్లలో బెజ్జాలు కోలగా ఉంటాయి. తల కాస్త జరిగినా క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మారి టైరు ఒక అంచున అరుగుతుంది. తుప్పు పట్టిన నట్టు మీద తుప్పు వదిలించే నూనె చల్లి కాసేపు ఆగాలి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి.

చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది. బ్రాకెట్ రేకు 4, 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అంత మర అది తినేశాక, నట్టు బిగిసినప్పుడు బోల్టు కొస కనీసం ఒకటి రెండు చుట్లు పైకి కనిపించాలి. కనిపించకపోతే ఆ బార్ ఆ కారుది కాదు. ఎంత పేరున్న కంపెనీదైనా వెనక్కిచ్చేయాలి. నైలాన్ వలయం ఉన్న పాత నట్లను మళ్లీ వాడకుండా కొత్తవి వేయాలి.

బ్రాకెట్లు రెండూ కూర్చోబెట్టి నట్లను చేత్తోనే తిప్పి వదలాలి. కడ్డీ పెట్టి దాని బోల్టులూ చేత్తోనే తిప్పాలి. అన్నీ ఒత్తిడి లేకుండా కలిశాక అప్పుడు బిగింపు. ఒక కొసన బోల్టును సుత్తితో కొట్టి దూర్చవలసి వస్తే కడ్డీ కొలత తప్పు, లేదా కారుకు పాత దెబ్బ ఉండి టవర్లు జరిగి ఉండవచ్చు. పొడవు సర్దుకునే మర ఉన్న బార్లలో టవర్లను బయటికి నెట్టేలా బిగించమని కొందరు చెబుతారు. దానివల్ల రేకు మీద ఎప్పుడూ ఒత్తిడి ఉండడం తప్ప లాభం కనిపించదు. వదులు లేకుండా, ఒత్తిడి లేకుండా ఆపడమే సరి.

బిగింపు టార్క్ రెంచ్‌తోనే చేయాలి. కారు సర్వీసు పుస్తకంలోని అంకెదే తుది మాట. 8 మిల్లీమీటర్ల మరకు అది చాలా కార్లలో 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. అలవాటైన చేయి పొడుగు పానాతో లాగితే దీనికి రెట్టింపు సులువుగా దాటిపోతుంది, బోల్టు టవర్ లోపలే తెగుతుంది. అప్పుడు స్ట్రట్ మొత్తం దించాల్సిందే.

బానెట్ మూసేముందు కడ్డీ ఎత్తయిన చోట చపాతీ పిండి ముద్ద పెట్టి, నెమ్మదిగా మూసి తెరవాలి. ముద్ద పూర్తిగా చితికిపోతే బానెట్ రేకు కడ్డీకి తగులుతున్నట్టే. ఇంజిన్ స్టార్టు చేసినప్పుడు, గేరులో కదిలినప్పుడు తన మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి కింద కూడా వేలెడు సందు కావాలి. రోడ్డు దాటేవారి తల తగిలితే బానెట్ నొక్కుకుపోయేలా కంపెనీలు కింద ఖాళీ వదులుతాయి. బానెట్‌కు ఆనేంత ఎత్తు బార్ ఆ ఖాళీని తినేస్తుంది. ఈ ఒక్క కారణంతో ఎత్తు బార్లను వద్దనడం సమంజసమే.

స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చప్పుడు వినాలి. కొత్త బ్రాకెట్ కింద రంగు పొర నలిగి బిగువు కొంత తగ్గుతుంది. ఒకటి రెండు వందల కిలోమీటర్లు తిరిగాక టార్క్ మళ్లీ చూడాలి. గీత దాటి తల జరిగినట్టు కనిపిస్తే వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. తీరం దగ్గర వానాకాలం ముగిశాక బ్రాకెట్ అంచులు ఒకసారి తుడిచి, రంగు పగిలినచోట పూత వేయాలి.

ఇతర రకాలు

వెనక షాకుల మధ్య వేసే బార్ హ్యాచ్‌బ్యాక్‌లలో డిక్కీ జాగాను తినేస్తుంది. వెనక సీటు మడిచి బస్తాలు వేసుకునేవారికి అది పనికిరాదు. కారు అడుగున వేసే బ్రేస్ ముందరి బార్ కంటే ఎక్కువ ఫలితం ఇవ్వవచ్చు. అయితే నేలకు, కారుకు మధ్య ఎడం తగ్గి ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్లకు గీసుకుంటుంది. దానికి కారును స్టాండ్ల మీదకు ఎత్తాలి కాబట్టి ఇంటి పని కాదు. యమహా 2001 నుంచి కార్ల కంపెనీలకు అందిస్తున్న పెర్ఫార్మెన్స్ డాంపర్ వేరే కోవది. అది బాడీని గట్టిపరచదు, బాడీ అదురును నూనె నిండిన గొట్టంతో అణచుతుంది.