ప్రపంచ మత్తు వైద్యుల సమాఖ్య: వ్యూహ ప్రణాళిక

వివిధ దేశాల మత్తు వైద్యుల సంఘాలన్నీ చేరిన సంస్థ ప్రపంచ ఎనస్థీషియా సంఘాల సమాఖ్య. క్లుప్తంగా డబ్ల్యూఎఫ్ఎస్ఏ. 1955 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లో, హేగ్ నగరంలో భాగమైన స్కేవెనింగెన్‌లో ఏర్పడింది. తొలి అధ్యక్షుడు కెనడా వైద్యుడు హెరాల్డ్ గ్రిఫిత్. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి 1942లో మాంట్రియల్‌లో క్యురారే వాడి చూపించింది ఆయనే. ఇప్పుడు 130కి పైగా జాతీయ సంఘాలు ఇందులో సభ్యులు. 1947లో పుట్టిన ఇండియన్ సొసైటీ ఆఫ్ ఎనస్థీషియాలజిస్ట్స్ కూడా వాటిలో ఉంది. కార్యాలయం లండన్‌లో ఉంది.

ఈ సమాఖ్యకు అధికారం అంటూ ఏమీ లేదు. ఎవరి లైసెన్సూ రద్దు చేయలేదు, ఏ ఆస్పత్రికీ ఉత్తర్వు పంపలేదు. సొంత ఆస్పత్రులు లేవు. రాబడి సభ్య సంఘాల చందాలు, మహాసభలు, విరాళాల మీద ఆధారపడుతుంది. అప్పట్లో నాలుగేళ్లకోసారి జరిగే మహాసభ ఒకటి దెబ్బతింటే ఏమవుతుందో కోవిడ్ చూపించింది. 2020లో ప్రాగ్‌లో జరగాల్సింది 2021కి వాయిదా పడి, ఆఖరికి ఆన్‌లైన్‌లో ముగిసింది. ఆ తర్వాత రెండేళ్లకోసారి జరపాలని నిర్ణయించుకుని 2024లో సింగపూర్‌లో సమావేశమయ్యారు. కాబట్టి ఇక్కడ వ్యూహం అంటే అన్నీ చేస్తామని రాసుకోవడం కుదరదు. ఏ చిన్న పని పట్టుకుంటే మిగతా వ్యవస్థ కదులుతుందో ముందు వెతుక్కోవాలి.

దేశాల హద్దులు దాటిన చర్చ ఈ వైద్యశాఖలో 1955 కంటే పాతది. అందులో హైదరాబాదుకూ వాటా ఉంది. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి సర్జన్ ఎడ్వర్డ్ లౌరీ 1888లో ఒక కమిషన్, 1889లో మరొకటి నడిపాడు. రెండోసారి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. ఖర్చు నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. ముప్పు ఊపిరికే తప్ప గుండెకు కాదని కమిషన్ తేల్చేసింది. క్లోరోఫామ్ గుండె లయను నేరుగా చెడగొట్టి ప్రాణం తీయగలదని 1911లో ఎ.జి. లెవీ ప్రయోగాల్లో రుజువైంది. కమిషన్ పని ముగిశాక దాని తీర్పును తిరగతోడాల్సిన బాధ్యత ఎవరిమీదా లేకపోయింది. స్థిరంగా నడిచే సమాఖ్యకు ఆ వీలుంది. సురక్షిత మత్తు ప్రమాణాలను 1992లో ఆమోదించాక డబ్ల్యూఎఫ్ఎస్ఏ వాటిని పలుమార్లు సవరించింది. 2018 నాటి కూర్పు ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి తెచ్చింది.

వ్యూహం ఫలించిన కథల్లో పల్స్ ఆక్సిమీటరుది ముందు చెప్పాలి. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన క్లిప్పు లాంటిదే, కాకపోతే థియేటర్లో వాడేది ప్రతి నాడికీ ఒక బీప్ వినిపిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ శబ్దం శ్రుతి కిందికి జారుతుంది. మత్తు డాక్టరు సిరంజిలో మందు ఎక్కిస్తున్నా, వీపు మానిటరు వైపున్నా, చెవికి సంగతి తెలిసిపోతుంది. ప్రపంచంలో 77 వేలకు పైగా ఆపరేషన్ థియేటర్లలో ఈ పరికరం లేదని 2010లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అప్పటికి రెండేళ్ల ముందే, 2008లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల శస్త్రచికిత్స చెక్‌లిస్టు విడుదల చేసింది. ఆక్సిమీటరు పెట్టారా, పనిచేస్తోందా అన్న ప్రశ్న అందులో ఒకటి. పరికరమే లేని ఊళ్లో ఆ గడి ఎలా నింపాలి? 2011లో బ్రిటన్ మత్తు వైద్యుల సంఘం, హార్వర్డ్ ప్రజారోగ్య పాఠశాలలతో కలిసి డబ్ల్యూఎఫ్ఎస్ఏ లైఫ్‌బాక్స్ అనే స్వచ్ఛంద సంస్థకు ఊపిరి పోసింది. సర్జన్, రచయిత అతుల్ గవాండే దాన్ని ముందుండి నడిపించారు. గట్టిగా ఉండాలి, చార్జింగ్‌తో నడవాలి, పిల్లలకూ పనికిరావాలి అని షరతులు పెట్టి, తైవాన్ కంపెనీతో చేయించి, దాదాపు 250 డాలర్లకు అందేలా చూశారు. వాడకంలో శిక్షణ కూడా జతచేశారు. ఇప్పటికి 30 వేలకు పైగా పంపిణీ అయ్యాయి.

ప్రమాణాల పత్రంలోనూ ఇదే ఆచరణ బుద్ధి కనిపిస్తుంది. అంశాలను మూడు మెట్లుగా విడదీశారు: ఉండి తీరాల్సినవి, ఉండాల్సినవి, వీలైతే సమకూర్చుకోవాల్సినవి. ఆక్సిమీటరు మొదటి మెట్టులో ఉంది. రోగి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడును ఎడతెగకుండా గీతగా చూపే క్యాప్నోగ్రాఫ్‌ను రెండో మెట్టులో ఉంచి, మన్నికైన యంత్రం అందుబాటు ధరకు వచ్చిన రోజున పైమెట్టుకు ఎక్కిస్తామని రాశారు. కొనలేని వస్తువును తప్పనిసరి చేస్తే పేద ఆస్పత్రి పత్రాన్నంతా పక్కన పడేస్తుంది. ఆ సంగతి తెలిసినవాళ్లు రాసిన వాక్యం ఇది.

కొన్నిసార్లు వ్యూహం కొత్తది తేవడానికి బదులు ఉన్నది పోకుండా కాపాడుకోవడానికి పనికొస్తుంది. కెటమైన్ సంగతి అలాంటిదే. కరెంటు, మత్తు యంత్రం సరిగా లేనిచోట సిజేరియన్ చేయాలన్నా, విరిగిన ఎముక సరిచేయాలన్నా చాలా దేశాల్లో ఈ ఇంజెక్షనే దిక్కు. రోగి సాధారణంగా సొంతంగానే ఊపిరి తీస్తుంటాడు. దీన్ని మత్తుకు బానిసలైనవాళ్లు దుర్వినియోగం చేస్తున్నారని, అంతర్జాతీయ నియంత్రణ జాబితాలో చేర్చాలని చైనా ప్రతిపాదించింది. 2015 మార్చిలో వియన్నాలో ఐక్యరాజ్య సమితి కమిషన్ ముందుకు అది వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వద్దన్నారు, మత్తు వైద్యులూ గొంతు కలిపారు. నిర్ణయం వాయిదా పడింది. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ 68.15 తీర్మానంలో అత్యవసర శస్త్రచికిత్సతో పాటు ఎనస్థీషియానూ సార్వత్రిక ఆరోగ్య సేవలో భాగం చేసింది.

మనుషుల లెక్క దగ్గరికి వచ్చేసరికి చిక్కు పెద్దది. లక్ష జనాభాకు కనీసం 5 మంది మత్తు వైద్యులు ఉండాలన్నది సమాఖ్య పెట్టుకున్న గురి. 2017లో ప్రచురించిన సర్వేలో 77 దేశాలు ఆ గీతకు దిగువన తేలాయి. అన్ని దేశాలూ గీత దాటాలంటే వెంటనే 1,36,000 మందికి పైగా వైద్యులు కావాలి. ఫెలోషిప్పులు, ప్రసూతి, పిల్లల ఎనస్థీషియాలో సేఫ్ పేరుతో నడిచే చిన్న కోర్సులు ఆ ఖాళీ ముందు చాలా తక్కువే.

పైగా ఆ గురి వైద్యులను మాత్రమే లెక్కిస్తుంది. ఆఫ్రికాలో చాలాచోట్ల మత్తు ఇచ్చేది నర్సులు, డాక్టరు డిగ్రీ లేని క్లినికల్ ఆఫీసర్లు. సభ్య సంఘాలేమో ప్రధానంగా డాక్టర్లవి. ప్రణాళికలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఇదేననిపిస్తుంది. సర్వేలో నర్సులను విడిగా లెక్కపెట్టారు, సేఫ్ తరగతుల్లో వాళ్లూ డాక్టర్ల పక్కనే కూర్చుని బొమ్మల మీద సాధన చేస్తున్నారు. గురిలో మాత్రం వాళ్లకింకా చోటు దొరకలేదు.