ముల్లు నుంచి స్టెంట్ దాకా: ఒంట్లో పెట్టిన లోహాన్ని ఒళ్లు ఏమనుకుంటది?

ఇయ్యాల ముచ్చట మా పెద్దనాయనతో మొదలుపెడ్త. దేవరకొండ దిక్కు మా ఊరు. ఆయనకు గుండెపోటొస్తే స్టెంట్ వేసిన్రు. మూడు నెలలు మంచిగనే ఉన్నడు. "నొప్పే లేదు, ఇంకా గోలీలెందుకు బిడ్డా" అని ఆపేసిండు. నెల తిరగకముందే మళ్ల నొప్పి. స్టెంట్ లోపలనే రక్తం గడ్డకట్టింది. బతికిండు గనీ, ఆ రాత్రి దవాఖాన వరండాలో కూసొని వెతుకుడు మొదలుపెట్టిన.

నేను వెతికిన కథ 1882లో, ఇటలీలోని మెస్సీనాలో మొదలైతది. ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త నక్షత్రచేప లార్వాలో గులాబీ ముల్లు గుచ్చాడు. ఆ లార్వా గాజులా ఉంటుంది, లోపల జరిగేదంతా మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! ఈ పనికే 1908లో నోబెల్ వచ్చింది. మన దగ్గర సర్కారు తుమ్మ ముల్లు విరిగి కాలిలో ఉండిపోతే చుట్టూ గట్టిగా బుడిపె కడుతుంది కదా, అదే సంగతి. మాక్రోఫేజ్ కణాలు చిన్నదైతే మింగేస్తాయి. మింగలేనంత పెద్దదైతే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి రాక్షస కణాలవుతాయి, చివరికి దాని చుట్టూ పీచులాంటి గోడ లేస్తుంది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, డిలీట్ కాని ఫైల్‌ని క్వారంటైన్‌లో పడేయడం.

గుండె రక్తనాళంలో మాత్రం అడ్డుగా ఏది పెరిగినా ప్రమాదమే. 1977లో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ బెలూన్‌తో నాళం తెరిచాడు. తెరిచినవి మళ్లీ మూసుకుపోతుంటే, 1986లో ఫ్రాన్స్‌లో జాక్ ప్యూల్, స్విట్జర్లాండ్‌లో ఉల్రిచ్ సిగ్వార్ట్ లోహపు జాలీ పెట్టారు. అదే స్టెంట్.

1990ల్లో ఇది మన హైదరాబాద్‌కొచ్చింది. కానీ దిగుమతి స్టెంట్ ధర సామాన్యుడికి అందేది కాదు. నిమ్స్ కార్డియాలజిస్ట్ డాక్టర్ బి. సోమరాజు, క్షిపణుల అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరలో కలాం-రాజు స్టెంట్ తెచ్చారు. క్షిపణి మనిషికి గుండెతో ఏం పని అనుకుంటున్నారా? రెండు చోట్లా తండ్లాట లోహంతోనే. తుప్పు పట్టొద్దు, విరగొద్దు, విచ్చుకున్నాక అట్లనే నిలబడాలి.

ధర దిగింది. ఒళ్లు ఊరుకుంటుందా? ఉత్త లోహపు స్టెంట్ ఏదైనా సరే, నాళం గోడను ఒరుసుకుంటుంది. వాపుకి కణాలొస్తాయి, గోడలోని కండర కణాలు పెరిగి జాలీలోకి చొచ్చుకొస్తాయి. ఆ రోజుల్లో నూటికి ఇరవై, ముప్పై మందికి నెలల్లోనే దారి మళ్లీ ఇరుకయ్యేది.

దీనికి మందు దొరికిన తీరు నాకు భలే ఇష్టం. 1964లో ఈస్టర్ ద్వీపంలో తవ్విన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, మాంట్రియల్‌లో సురేంద్రనాథ్ సెహగల్ బృందం సిరోలిమస్‌ని వేరుచేసింది. మొదట బూజును చంపే మందు అనుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే, అది ఇమ్యూనిటీనే అణచుతుంది, కణాల పెరుగుదలను ఆపుతుంది. దాన్ని స్టెంట్‌కి పూతగా పూసి 1999లో బ్రెజిల్‌లోని సావ్ పాలోలో మొదటిసారి మనిషికి వేశారు. 2003లో అమెరికా అనుమతించింది.

మెలిక ఇక్కడే ఉంది. నాళం లోపలి సన్నని పొర వచ్చి లోహాన్ని కప్పేస్తేనే రక్తం దాన్ని పట్టించుకోదు. పూత మందు ఆ పొరను కూడా ఆలస్యం చేస్తుంది. అందాకా తేలి ఉన్న లోహానికి ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి, గడ్డ కడుతుంది. 2006లో బార్సిలోనా సదస్సులో ఈ భయమే డాక్టర్లను కుదిపేసింది. పూతలు అప్పటికంటే చాలా మెరుగయ్యాయి. అయినా గుండెపోటు తర్వాత స్టెంట్ వేస్తే, మామూలుగా ఏడాది దాకా రెండు రకాల గోలీలు రాస్తారు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. పెద్దనాయన మూడో నెలలో ఆపేసిండు. నొప్పి పోయింది గనీ, పొర ఇంకా పూర్తిగా రాలేదేమో.

స్టెంట్ మాత్రం మన పాలమూరు పేదోడి దాకా వచ్చింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, మా నల్లగొండకు అదే డిసెంబర్‌లో వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు కళ్లెం వేసింది: ఉత్త లోహపు స్టెంట్ 7,260 రూపాయలు, మందు పూతది 29,600.

ఇప్పుడు ప్రతి ఆదివారం మా వదిన పెద్దనాయన గోలీల షీట్ ఫోటో వాట్సాప్‌ల పెడ్తది. నేను ఖాళీ గడులు లెక్కపెడ్త.