కోడలి కారు

మా కోడలు కారు కొన్నది. కొత్తది కాదు లెండి, టీఎస్ 02 నంబరున్న పాత కారు. ఇల్లేమో కరీంనగర్‌లో, ఉద్యోగమేమో పెద్దపల్లి బ్యాంకులో. ఇన్నాళ్లూ టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని బస్టాండుకు పరుగెత్తేది. ఇకనుంచి సుల్తానాబాద్ మీదుగా తనే నడుపుకుంటూ పోతుందట. అదే దారిలో బొగ్గు లారీలు కూడా పోతుంటాయి. ఆమె ఇల్లు చేరేవరకూ నా గుండె నా దగ్గరుండదు.

కారు వచ్చిన నాలుగో రోజున కాగితాల కట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అత్తమ్మా, ఇన్సూరెన్సు గడువు అయిపోవస్తున్నది. ఏది చేయించాల్నో ఏజెంటు అడుగుతున్నడు. మూడువేల చిల్లరకు ఒకటి ఉన్నదట, దానికి మూడింతలయ్యేది ఇంకోటి ఉన్నదట. ఎట్లాగూ పాత బండే గద, సస్తాది చేయిస్త" అన్నది.

"పోలీసులు ఆపితే చూపెట్టనీకి కాగితం ఉంటే చాలమ్మా" అని మావాడు పేపరు చాటునుంచి వంత పాడాడు.

"ఒక్కరోజు ఆగు బిడ్డా" అన్నాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినదాన్ని. దేనికైనా వెనకటి కథ తెలుసుకోనిదే నాకు ముందుకు అడుగు పడదు. పైగా ఇన్సూరెన్సు మాట వినగానే నాకు మా పిన్ని కుడిచెయ్యి గుర్తొస్తుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు అసలు ఈ కాగితం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

మన జిల్లాల్లో మోటారు అంటే మొదటినుంచీ సర్కారు బస్సే. 1932లో నిజాం ప్రభుత్వం తన రైల్వే శాఖ కిందనే రోడ్డు రవాణా విభాగం పెట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు, అంతే. ఆ విభాగమే పెరిగి పెరిగి 1958లో ఆర్టీసీ అయింది. సొంత కారంటే ఏ దొరవారికో, పేరున్న డాక్టరుగారికో, గనుల్లో పెద్ద ఆఫీసరుకో ఉండేది. మనమంతా టిక్కెట్టు కొని ఎక్కేవాళ్లమేగాని బండికి యజమానులం కాదు. ప్రభుత్వ రవాణా సంస్థ తన బస్సులకు పాలసీలు కొనకుండా, నష్టపరిహారం కోసం తనే ఒక నిధి పెట్టుకునే వెసులుబాటు చట్టంలోనే ఉంది. అందుకని బస్సులో తిరిగినన్నాళ్లూ ఇన్సూరెన్సు గొడవ మన గడప తొక్కలేదు. కారు వచ్చినాకనే అదీ వచ్చింది.

మరి చట్టం దీన్ని ఎందుకు తప్పనిసరి చేసింది? కారు యజమాని మీద ప్రేమతో కాదు. ఇంగ్లండులో మోటార్లు పెరిగి, వాటి కింద పడేవాళ్లూ పెరిగారు. కోర్టుకు పోతే తీర్పు వచ్చేదేగాని, గుద్దినవాడి దగ్గర ఇవ్వడానికి డబ్బుండేది కాదు. దాంతో 1930లో, బండి రోడ్డెక్కాలంటే అవతలివాడి కోసం బీమా ఉండి తీరాలని అక్కడ చట్టం చేశారు. మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలో అదే సంగతి రాశారు. అయితే మధ్యలో యుద్ధం వచ్చింది, బీమా అధ్యాయం అమలు 1946 జులై 1 దాకా ఆగింది. నిజాం సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత ఆ చట్టమే మనకూ వచ్చింది. 1956 సవరణ పుణ్యమా అని మోటారు ప్రమాదాలకు విడిగా ట్రిబ్యునళ్లు పెట్టే వీలు కలిగింది. బాధితులు మామూలు దావా వేసి ఏళ్లకేళ్లు తిరిగే బాధ కొంత తగ్గింది.

అంటే చట్టం మొదట చూసింది ఒక్క మనిషినే. ఆ మనిషి దారిన పోయేవాడు, సైకిలు మీద గడ్డిమోపు పెట్టుకుపోయేవాడు, అంగడినుంచి తట్ట నెత్తిన పెట్టుకొచ్చే అవ్వ. థర్డ్ పార్టీ అంటే వీళ్లే. కోడలు చెప్పిన మూడువేల చిల్లర పాలసీ వీళ్లది. 2022 జూన్ నుంచి అమలైన పట్టికలో వెయ్యినుంచి పదిహేనువందల సీసీ కారుకు దాని ఖరీదు 3,416 రూపాయలు. మనిషి ప్రాణం పోయినా, అంగవైకల్యం వచ్చినా ట్రిబ్యునల్ నిర్ణయించిన పరిహారం కంపెనీ కడుతుంది. మంచి పాలసీయే, కాదనను. కాని కారులో కూర్చున్నవాళ్ల మాటేమిటి?

ఇప్పుడు మా పిన్ని సంగతి చెబుతాను.

మా బాపు బెల్లంపల్లిలో సింగరేణి గుమస్తా. 1974లో, నాకు పన్నెండేళ్లప్పుడు, ఆదిలాబాద్‌లో చుట్టాల పెళ్లికి పోవాలని మా పిన్ని మూట కట్టుకుని కూర్చుంది. పక్క క్వార్టరు ఇంజనీరుగారు సొంత పనిమీద ఫియట్ కారులో అటే పోతూ, "బస్సులో ఏం పోతవమ్మా, మాతో రా" అన్నారు. మంచిర్యాల, లక్సెట్టిపేట, ఖానాపూర్ మీదుగా నిర్మల్ చేరారు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. ఆయన పక్కకు తిప్పితే కారు రాతిగోడకు తగిలింది. అందరూ బతికారు. పిన్ని కుడిచెయ్యి మాత్రం రెండుచోట్ల విరిగి, మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. ఆ చెయ్యే ఆమెకు బతుకుతెరువు. కుట్టుమిషను పెట్టుకుని కాలనీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది.

బీమా కంపెనీ మనిషి వచ్చాడు, కాగితం చూశాడు. "ఇది ఆక్ట్ పాలసీ. రోడ్డుమీదివాళ్లకు దెబ్బ తగిలితే ఇస్తాం. బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు వర్తించదు" అన్నాడు. అతని తప్పేం లేదు, చట్టమే అట్లా ఉంది. డబ్బు తీసుకోకుండా ఎక్కించుకున్న ప్రయాణికుల కోసం బీమా చేయించి తీరాలని చట్టం చెప్పడం లేదని 1977లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

ఇంజనీరుగారు మర్యాదస్తుడు. భార్య గాజులు కుదువబెట్టి కొంత ఇచ్చారు. అది ఆస్పత్రికే సరిపోలేదు. ఆ తర్వాత ఆ రెండిళ్లవాళ్లూ ఒకరి మొహం ఒకరు సూటిగా చూసుకోలేదు. పిన్ని మాత్రం, "ఆయన మీద నాకేం కోపం లేదే. మంచికే పిలిచిండు. ఆ కాగితమే మంచిది కాదు" అనేది.

ఆ రోజుల్లో ఏ పాలసీ అని ఎంచుకునే బాధ పెద్దగా లేదు. 1973 జనవరి 1న 107 బీమా సంస్థల్ని కలిపి నాలుగు ప్రభుత్వ కంపెనీలు చేశారు. ఎక్కడికి పోయినా అదే రేటు. 2007 జనవరి నుంచి సొంత బండి నష్టానికి ఎవరి రేటు వాళ్లదైంది. థర్డ్ పార్టీ రేటు మాత్రం ఇప్పటికీ పైనుంచే నిర్ణయమవుతుంది. కాబట్టి "మా దగ్గర సగం ధరకే" అని ఎవరైనా అంటే ఆ తగ్గింపు ఎందులోనో అడగాలి. తీసేసిన కవరులోనో, తగ్గించి రాసిన బండి విలువలోనో ఉండవచ్చు.

రెండో మనిషి, అంటే పక్క సీట్లో కూర్చున్న మనిషి, చట్టం కంట సరిగా పడడానికి చాలా ఏళ్లు పట్టింది. 1988లో కొత్త చట్టం వచ్చినా, ఉత్త ఆక్ట్ పాలసీలో ఊరికే ఎక్కినవాళ్లకు రక్షణ లేదని 2006లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. 2009లో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఒక స్పష్టత ఇచ్చింది. సొంత కారుకు కాంప్రహెన్సివ్, అంటే ప్యాకేజీ పాలసీ ఉంటే అందులో కూర్చున్నవాళ్లకూ అది వర్తిస్తుందని. 2012లో సుప్రీంకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. మా పిన్ని చెయ్యి విరిగిన ముప్పై ఎనిమిదేళ్లకు!

"నీతోపాటు ఎవరన్నా వస్తరా?" అని కోడలిని అడిగాను.

"ముగ్గురు వస్తరత్తమ్మా. మా బ్యాంకు క్యాషియరు, ఇద్దరు టీచరమ్మలు. నెలకింతని పెట్రోలుకిస్తమన్నరు."

అదిగో, అక్కడ మరో మడత పేచీ. ఇంగ్లండులో పాలసీ ఇచ్చేటప్పుడే ఉద్యోగానికి కారులో పోతారా అని విడిగా అడుగుతారు. మన దగ్గర ఆ ప్రశ్న లేదు, ఆఫీసుకు పోవడం సొంత వాడకం కిందికే వస్తుంది. కాని అద్దెకు గాని ప్రతిఫలానికి గాని బండి తిప్పకూడదని ప్రైవేటు పాలసీలో స్పష్టంగా ఉంటుంది. నెలకింతని తీసుకుంటే స్నేహమా, కిరాయా అని రేపు ఎవరైనా వాదన లేవదీయవచ్చు. "డబ్బులు తీసుకోకు బిడ్డా. వాళ్లలో కారున్నవాళ్లు ఒక వారం తెస్తే నువ్వో వారం తియ్యి. కాదంటే కంపెనీని అడిగి, జవాబు రాతలో తెచ్చుకో" అన్నాను.

ఇక మూడో మనిషి. స్టీరింగు పట్టుకున్న మనిషి. ఇక్కడే, అమ్మలారా, మనం బాగా చెవిన వేసుకోవలసింది ఉంది.

బండి యజమాని తనే నడుపుతూ ప్రమాదంలో చనిపోతే ఇచ్చే తప్పనిసరి ప్రమాద బీమా ఒకటుంది. కారుకు ఒకప్పుడది రెండు లక్షలు. 2018లో పదిహేను లక్షలు చేశారు. ఎంత బాగుంది! అయితే అది బండి ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో వాళ్లకే, అదీ లైసెన్సు ఉంటేనే. భర్త పేరున ఉన్న కారును భార్య రోజూ నడిపితే ఆ పదిహేను లక్షల్లో ఆమె లేదు. పోనీ థర్డ్ పార్టీ కిందనైనా వస్తుందా అంటే, యజమాని దగ్గర బండి తీసుకుని నడిపేవాళ్లు యజమాని స్థానంలోకే వస్తారు, పరాయివాళ్లు కారని 2009లోనూ, 2020లోనూ సుప్రీంకోర్టు చెప్పింది.

"కారు ఎవరి పేరు మీద మారుస్తున్నరు?" అన్నాను.

మావాడు పేపరు దించాడు. "నా పేరు మీదనే అమ్మా. ఇంట్ల అన్నీ నా పేరు మీదనే ఉన్నయి గద" అన్నాడు.

"నడిపేది ఎవరు?"

ఇంట్లో కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప మరేం వినిపించలేదు. కోడలు కాగితాలు నా చేతిలోంచి తీసుకుని ఒక్కొక్కటే మళ్లీ చూసుకుంది. వాడి మనసులో దురుద్దేశమేం లేదు. ఇల్లు, కరెంటు బిల్లు, గ్యాసు పుస్తకం మగవాడి పేరు మీద ఉన్నట్టే ఇదీ అనుకున్నాడు. కాని దెబ్బ తగిలితే తగిలేది ఈ పిల్లకు. అదృష్టం బాగుండి పేరు మార్పు కాగితాలింకా ఆర్టీఓ ఆఫీసుకు పోలేదు.

మరునాడు ముగ్గురం కూర్చుని లెక్క చూశాం. ప్యాకేజీ పాలసీయే తీసుకోవాలని తేలింది. అందులో బండి సొంత నష్టం కూడా కలిసే ఉంటుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం విలువ కోస్తారు, ఆ కోత వద్దంటే జీరో డిప్రిసియేషన్ అని కొంచెం ఎక్కువ కట్టాలి, అదీ పాత బండికి ఇస్తామంటేనే. మన దగ్గర వానాకాలం సంగతీ ఉంది. 2021 జులైలో నిర్మల్ కాలనీలు మునిగాయి, 2022 జులైలో మంచిర్యాలలో గోదావరి ఇళ్లలోకొచ్చింది. నీళ్లలో మునిగిన బండిని తొందరపడి స్టార్టు చేస్తే ఇంజిన్ పోతుంది, ఆ ఖర్చు మామూలు పాలసీలో రాదు. దానికి ఇంజిన్ కవరు విడిగా ఉంటుంది. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల దాకా ఉన్న రక్షణను ఆరువేలకు తగ్గించి వందో గిందో మిగిల్చే గడి ఒకటి ఉంటుంది, దాని జోలికి పోవద్దన్నాను. నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అమ్మినాయన దగ్గరే ఉంటుంది. కోడలు తనది తను మొదటినుంచీ కూడబెట్టుకోవాల్సిందే.

అన్నీ కలిపితే ఏజెంటు మొదట చెప్పిన దానికన్నా చాలా ఎక్కువే అయింది. ఏడాదికి ఒక మంచి పట్టుచీర పోయిందనుకోండి. "ఇంత పోసుడు అవసరమా?" అని మావాడు నసిగాడు. కోడలే జవాబిచ్చింది. "నాతోని వచ్చే ముగ్గురూ పిల్లలతల్లులే. రేపేమన్నయితే వాళ్లిళ్లకు నేనేం మొహం పెట్టుకొని పోవాలె?"

ఆ మాటతో నాకు బెల్లంపల్లిలో మా పక్క క్వార్టరు గుమ్మం కళ్లముందు కదిలింది.

నెల తిరిగేసరికి ఆర్సీ ఆమె పేరున వచ్చింది. పాలసీ కూడా ఆమె పేరునే. కాగితాలు దేవుడి గూట్లో పెట్టబోతుంటే, "అక్కడొద్దత్తమ్మా, బండ్లనే ఉండాలె" అని నవ్వుతూ తీసుకుపోయింది. ఆ సాయంత్రం పిన్నికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఎనభై దాటింది, చెవి సరిగా వినపడదు. రెండుసార్లు చెప్పించుకుని, "పక్కన కూసున్నోళ్లకు కూడ ఇస్తరా ఇప్పుడు?" అని అడిగింది.

"ఇస్తరు పిన్నీ, ఆ పాలసీ అయితే."

"అయితే మంచి కాగితమే" అన్నది.